పాతదా, కొత్తదా: కణాల వంశం ఆరా తీసే పద్ధతుల గురించి

మా మేనత్తకు 2011లో ఎడమ రొమ్ములో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్, కీమో, కరెంటు పెట్టడం, ఆ పైన ఐదేళ్ళ మాత్రలు, అన్నీ పూర్తి చేసుకుని ఒంగోలు పక్కనే ఉన్న మా ఊళ్ళో పాడి చూసుకుంటూ పదకొండేళ్ళు నిక్షేపంగా తిరిగింది. 2022లో కుడివైపు గడ్డ తగిలింది. బయాప్సీ రిపోర్టు పట్టుకుని నేను ఇంటికి వెళ్ళిన సాయంత్రం, పంచలో నులకమంచం మీద కూర్చుని, కాగితం చేతిలోకి కూడా తీసుకోకుండా ఆవిడ ఒక్కటే అడిగింది: "ఇది పాతదేనా నాయనా, కొత్తదా?"

డీఎన్ఏను అక్షరం అక్షరంగా చదివే సీక్వెన్సింగ్ యంత్రాల నుంచి వచ్చే డేటాను విశ్లేషించడం నా ఉద్యోగం. ఏ కణం ఏ కణానికి పుట్టిందో లెక్కగట్టి వంశవృక్షాలు గీయడం అందులో ఒక భాగం. మా అత్త వాడిన మాటలు వేరు గానీ, ఆవిడ అడిగింది సరిగ్గా నా వృత్తిలోని ప్రశ్నే. కుడివైపు గడ్డలోని కణాలు పదకొండేళ్ళ కిందటి ఎడమవైపు కణాల సంతానమా, లేక వాటితో సంబంధం లేకుండా వేరే కణం నుంచి మొదలైనవా? రెండో వైపు రొమ్ములో వచ్చేది చాలా సందర్భాల్లో కొత్తదే అవుతుందని, కొందరిలో మాత్రం పాతదే ప్రయాణం చేసి అక్కడ తేలుతుందని పరిశోధనల వల్ల తెలుసు. మా అత్త ఏ కోవలోకి వస్తుందో చెప్పే సాధనాలు 2022 నాటికి ఎప్పుడో తయారై ఉన్నాయి. అయినా నేను చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో వివరించాలంటే ఆ సాధనాల సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే లోపం వాటిలో లేదు.

మా తాత ఒంగోలు గిత్తలు పెంచిన మనిషి. ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన పొడుగాటి చిట్టా పుస్తకం ఒకటి ఉండేది. ఆవుకొక పేజీ. ఎప్పుడు ఎదకొచ్చింది, ఏ ఊరి ఆంబోతుతో దాటించారు, ఎన్నో ఈత, పుట్టింది పెయ్యా కోడెదూడా, సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎవరికి ఎంతకు అమ్మారు, ఇవన్నీ కాపీయింగ్ పెన్సిల్‌తో రాసి ఉండేవి. ఇంట్లో పుట్టిన దూడ వంశం చెప్పడానికి ఆయనకు ఒక్క క్షణం పట్టేది కాదు. సంతలో కొన్న పశువుకు అలాంటి పుస్తకం ఉండదు కనుక మూపురం, గంగడోలు, కొమ్ముల తీరు, సుడుల పోలిక చూసి ఊహించేవాడు, ఒక్కోసారి పొరబడేవాడు. కణాల వంశం తెలుసుకోవడానికి కూడా ఉన్నవి ఈ రెండు దారులే. ముందుగానే గుర్తు వేసి, ఆ గుర్తు ఎవరెవరికి సంక్రమించిందో తరువాత చూడడం మొదటిది. ఎవరూ గుర్తు వేయకపోయినా కాలక్రమంలో కణం తనంతట తాను పోగుచేసుకున్న మార్పులను చదివి వెనక్కి లెక్కగట్టడం రెండోది. మొదటిది పుస్తకం, రెండోది సంత.

గుర్తు ఏదైనా అది చెప్పగలిగిందే చెబుతుంది. ఈ మాటకు మా జిల్లా పశువులకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. మన ఒంగోలు జాతిని బ్రెజిల్‌లో 'నెలోరె' అంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది కనుక ఆ పేరు అలా స్థిరపడింది. 1962-63లో అక్కడికి వెళ్ళిన కొద్దిపాటి ఆంబోతుల్లో ఒకటైన 'కరవది', మా పక్క ఊరి పేరే పెట్టుకుని, వేలకు వేల పశువులకు మూలపురుషుడైంది. ఇవాళ బ్రెజిల్ పశుసంపదలో అధికభాగం నెలోరె రక్తమే. అయితే తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్ఏను పరీక్షిస్తే, మూపురంతో అచ్చం మన గిత్తల్లా కనిపించే ఆ పశువుల్లో చాలావాటికి యూరప్ జాతి ఆవుల మైటోకాండ్రియా ఉన్నట్టు తేలింది. ఓడెక్కి వెళ్ళినవి ఎక్కువగా ఆంబోతులు, అక్కడ ఈనినవి స్థానిక ఆవులు. తండ్రి వైపు గుర్తు చదివితే ఒంగోలు, తల్లి వైపు గుర్తు చదివితే పోర్చుగల్. రెండూ నిజాలే. ఏ గుర్తును చదువుతున్నామో మరిచిపోయినప్పుడే అబద్ధం మొదలవుతుంది.

కణాల వంశాన్ని మొదట కేవలం కంటితో చూసి రాశారు. సముద్రంలో రాళ్ళను అంటిపెట్టుకుని బతికే అసిడియన్ అనే జీవి గుడ్డులో సహజంగానే రంగురంగుల ప్రాంతాలుంటాయి. ఏ రంగు ఏ కణంలోకి పోతుందో గమనిస్తూ ఎడ్విన్ కాంక్లిన్ 1905లో ఆ పిండం వంశవృక్షాన్ని ప్రచురించాడు. తరువాత జాన్ సల్‌స్టన్, ఒక మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగెన్స్ పురుగు పిండాన్ని ఏడాదిన్నర పాటు, రోజుకు రెండు విడతలుగా, విడతకు నాలుగు గంటల చొప్పున మైక్రోస్కోపు ముందు కూర్చుని చూశాడు. ఆ ఉభయలింగ పురుగు శరీరంలో 1,090 కణాలు పుడతాయని, వాటిలో 131 నియమం తప్పకుండా చనిపోతాయని, 959 మిగులుతాయని లెక్క తేలింది. 1983లో ఆ పూర్తి పిండ వృక్షం అచ్చయింది, 2002లో నోబెల్ వచ్చింది. అది సాధ్యం కావడానికి కారణం పురుగు పారదర్శకంగా ఉండడం, ప్రతి పురుగులోనూ విభజన ఒకే వరుసలో జరగడం. శనగగింజంత గడ్డలోనే కోట్లాది కణాలుంటాయి, ఏ రెండు గడ్డల్లోనూ వరుస ఒకటిగా ఉండదు. క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి కన్ను చాలదు.

క్యాన్సర్‌లో మొదటగా పనికొచ్చిన గుర్తు ప్రకృతి వేసినదే. ఆడవారిలో ఎక్స్ క్రోమోజోములు రెండుంటాయి. పిండం తొలి దశలోనే ప్రతి కణంలోనూ ఒకదాన్ని మూసివేయడం జరుగుతుందని, ఏది మూతపడిందో ఆ ఎంపికే ఆ కణం సంతానమంతటికీ సంక్రమిస్తుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించింది. మలేరియా మందు ఇచ్చేముందు మన డాక్టర్లు అడిగే జి6పిడి ఎంజైమ్ జన్యువు ఉండేది ఆ క్రోమోజోము మీదే. తల్లి వైపు నుంచి ఒక రకం, తండ్రి వైపు నుంచి మరో రకం జి6పిడి వచ్చిన స్త్రీ చర్మాన్ని పరీక్షిస్తే రెండు రకాలూ కలిసి కనిపిస్తాయి. అలాంటి స్త్రీల గర్భాశయపు ఫైబ్రాయిడ్ గడ్డలను 1965లో లిండర్, గార్ట్‌లర్ పరీక్షిస్తే ఒక్కో గడ్డలో ఒక్క రకమే ఉంది, అంటే ఒక్కో గడ్డా ఒక్క కణం సంతానమే. 1967లో ఫిలిప్ ఫియాల్కో బృందం దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్ ఉన్న స్త్రీలలో ఇదే పరీక్ష చేసింది. చర్మంలో రెండు రకాలూ ఉన్నాయి గానీ తెల్ల రక్తకణాల్లో ఒక్కటే, ఎర్ర కణాల్లోనూ అదే ఒక్కటి. తెల్ల కణాల జబ్బుగా పేరుపడినది తెల్లవాటికీ ఎర్రవాటికీ ఉమ్మడి పూర్వీకుడైన మూలకణంలో మొదలవుతుందన్న సంగతి ఆ చిన్న పరీక్షలో బయటపడింది. డీఎన్ఏ సీక్వెన్సింగ్ ఇంకా రాని రోజుల్లో, ఎంజైమ్ రకాలను విడదీసే జెల్ మీద రెండు గీతలు చూసి ఇంత చెప్పగలిగారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ గుర్తుకున్న పరిమితి కూడా అంతే స్పష్టం. దానికి ఉన్నవి రెండే విలువలు. పైగా ఆరోగ్యంగా ఉన్న కణజాలంలోనూ పక్కపక్క కణాలు ఒకే పూర్వీకుడి సంతానమై మచ్చలు మచ్చలుగా ఉంటాయి కాబట్టి, చిన్న ముక్క కోసి చూస్తే జబ్బు లేనిచోట కూడా ఒక్క రకమే కనబడి మోసం చేయవచ్చు. 1976లో పీటర్ నోవెల్ క్యాన్సర్‌ను ఒక కణం నుంచి పుట్టి, శాఖోపశాఖలై, వాటిలో బలమైనది మిగిలే పరిణామ ప్రక్రియగా వర్ణించినప్పుడు, ఆ శాఖలన్నిటినీ వివరంగా చూపించగల గుర్తు ఎవరి దగ్గరా లేదు.

ఆ కొరత తీర్చింది బార్‌కోడ్. పశువు చెవికి పన్నెండంకెల పసుపు బిళ్ళ వేస్తున్నారు కదా, దాదాపు అదే. ఏ పనీ చేయని, యాదృచ్ఛికమైన ఒక డీఎన్ఏ తునకను, తన జన్యువులను కణం డీఎన్ఏలో కలిపేసే లెంటివైరస్ ద్వారా కణం జన్యుసంపుటిలోకి దూర్చేస్తారు. కణం విభజన జరిగిన ప్రతిసారీ ఆ తునక కూడా నకలవుతుంది. నెలల తరువాత కణాలన్నిటినీ కరిగించి, ఆ తునకలను మాత్రం చదివితే ఏ వంశం పెరిగిందో, ఏది అంతరించిందో లెక్క వచ్చేస్తుంది. డీఎన్ఏకు ఉన్నవి నాలుగు అక్షరాలు కనుక పన్నెండు అక్షరాల తునకకు 1,67,77,216 రూపాలు సాధ్యం. వినడానికి బోలెడన్ని. కానీ పదివేల కణాలకు గుర్తు వేస్తే, యాదృచ్ఛికంగానే సుమారు మూడు జతల పరాయి కణాలకు ఒకే బిళ్ళ పడుతుంది. లక్ష కణాలకు వేస్తే అలాంటి జతలు మూడు వందల దాకా పోతాయి. కణాలు పది రెట్లు పెరిగితే పొరపాట్లు నూరు రెట్లు పెరుగుతాయన్నమాట. వైరస్ మోతాదు సంగతీ ఇలాంటిదే. సగటున కణానికి ఒక వైరస్ చొప్పున పోస్తే గుర్తు పడిన కణాల్లో నూటికి నలభై రెండింటికి రెండో అంతకన్నా ఎక్కువో బిళ్ళలు తగులుకుంటాయి. పది కణాలకు ఒక వైరస్ చొప్పున పోస్తే ఆ సంఖ్య ఐదుకు దిగుతుంది గానీ, నూటికి తొంభై కణాలు బిళ్ళ లేకుండానే మిగిలిపోతాయి. సెమినార్లలో రంగురంగుల చిత్రాలు చూపించేవారిని నేను మొదట అడిగేది ఈ రెండు అంకెలే: ఎన్ని కణాలకు ఎన్ని రకాల బిళ్ళలు, కణానికి ఎన్ని వైరస్‌లు. చెప్పలేకపోతే చిత్రాన్ని బొమ్మగా చూసి ఆనందించవచ్చు, నమ్మనక్కరలేదు.

బార్‌కోడ్‌తో తేల్చాలనుకున్న పెద్ద తగాదా మందుకు లొంగకపోవడం గురించి. మందు వేశాక గడ్డ కరిగి, కొన్నాళ్ళకు మళ్ళీ పెరుగుతుంది. ఆ లొంగని కణాలు మందు వేయకముందే గుంపులో దాగి ఉన్నాయా, లేక మందు తగిలాక అలా మారాయా? నెల్లూరు వరి రైతులకు ఈ తగాదా కొత్తది కాదు. చేలో కేళీలు, అంటే వేసిన రకం కాని మొక్కలు, కనబడితే విత్తనంలోనే కల్తీ ఉందని రైతు అంటాడు, పొలంలో నిరుడు రాలిన గింజలు మొలిచాయని విత్తనాల వ్యాపారి అంటాడు. తేల్చే ఉపాయం ఒకటుంది. ఒకే సంచిలోని విత్తనాన్ని పది వేర్వేరు పొలాల్లో చల్లి చూడాలి. పది పొలాల్లోనూ అదే రకం కేళీ వస్తే తప్పు సంచిలో ఉంది. పొలానికొక రకం వస్తే తప్పు పొలంలో ఉంది. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ బ్యాక్టీరియా మీద చేసిన ప్రయోగం వేరే లెక్కతోనే అయినా ఇదే ప్రశ్నకు జవాబు రాబట్టింది. వైరస్‌ను తట్టుకునే బ్యాక్టీరియా, వైరస్ తగలకముందే గుంపులో పుట్టి ఉంటాయని చూపింది.

2015లో ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలకు పది లక్షలకు పైగా రకాల బార్‌కోడ్‌లున్న నిధి నుంచి గుర్తులు వేసి, వాటిని వేర్వేరు గిన్నెల్లో పంచి, అన్నిటికీ ఎర్లోటినిబ్ అనే మందు పెట్టారు. బతికిన కణాల్లో అత్యధికభాగం ప్రతి గిన్నెలోనూ అవే బార్‌కోడ్‌లు మోస్తున్నాయి. కల్తీ సంచిలోనే ఉంది. తగాదా తీరిపోయిందని చాలామంది అనుకున్నారు. మరుసటి ఏడాదే బోస్టన్ పరిశోధకులు ఇదే జాతి మందుతో, మరో ఊపిరితిత్తుల క్యాన్సర్ కణరకంతో రెండు దారులూ ఉన్నట్టు చూపించారు. ముందే లొంగనివై ఉన్న కణాలు త్వరగా పైకి లేచాయి. అవి కాక, మందును తట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్న కొన్ని మామూలు కణాల్లో నెలల తరువాత అదే జన్యుమార్పు కొత్తగా పుట్టింది. అలా ఊపిరి బిగబట్టే కణాలుంటాయని, మందు ఆపేస్తే అవి మళ్ళీ మందుకు లొంగే మామూలు కణాలుగా మారిపోతాయని 2010లోనే తెలిసింది. అంటే వంశం ఒక్కటి చెబితే చాలదు. ఆ వంశంలోని కణం ఆ క్షణంలో ఏ స్థితిలో ఉందో కూడా తెలియాలి. అందుకే ఈ పదేళ్ళలో వచ్చిన పద్ధతులు చాలావరకు బార్‌కోడ్‌తో పాటు, కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చెప్పే ఆర్ఎన్ఏను కూడా కణానికి కణంగా చదువుతున్నాయి.

జీవించి ఉన్న ఎలుకలో, కణాలను బయటికి తీయకుండా గుర్తు వేసే దారి మరొకటి ఉంది. ఎంచుకున్న రకం కణంలో మాత్రమే క్రే అనే ఎంజైమ్‌ను మేలుకొలిపి, రంగునిచ్చే జన్యువును శాశ్వతంగా తెరిపిస్తారు. 2012 ఆగస్టులో చర్మం, పేగు, మెదడు గడ్డల మీద మూడు బృందాలు దాదాపు ఒకేసారి ఇలాంటి పద్ధతులతో ఫలితాలు ప్రకటించి, గడ్డలో కొన్ని కణాలే మూలకణాల్లా మిగతావాటిని పుట్టిస్తాయన్న వాదానికి బలం చేకూర్చాయి. రంగులు నాలుగైదే కాబట్టి అంతకు మించి లోతుకు పోలేవు.

డీఎన్ఏను కావలసిన చోట కోసే క్రిస్పర్ పద్ధతి వచ్చాక గుర్తు తనంతట తాను మారుతూ పోయే ఏర్పాటు కుదిరింది. కణంలో ముందుగా అమర్చిన చోట్ల క్రిస్పర్ కత్తెర అప్పుడప్పుడూ గాట్లు పెడుతుంది, కణం ఆ గాటును అతుకుకునేటప్పుడు ఒక మచ్చ మిగులుతుంది, ఆ మచ్చ మీద మరో మచ్చ చేరుతూ తరాలు నమోదవుతాయి. 2016లో జీబ్రా చేప మీద గెస్టాల్ట్ పేరుతో ఇది మొదలైంది. 2021లో మనిషి ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలను ఇలా సిద్ధం చేసి ఎలుకలో పెట్టి, వేల కణాల వలస మార్గాలను గీశారు. ఒకే మూలం నుంచి వచ్చిన వంశాల్లో కొన్ని కదలకుండా ఉండిపోయాయి, కొన్ని ఊరూరూ తిరిగాయి. ఛాతీ మధ్యభాగం మన గూడూరు జంక్షన్‌లా ఎక్కువ బళ్ళు మారే చోటుగా తేలింది. ఈ పనంటే నాకు గౌరవం ఉంది. అయితే కత్తెర మొదట్లోనే ఉన్న చోట్లన్నీ కోసేస్తే ఆ తరువాతి తరాలకు రాసుకోవడానికి పేజీ మిగలదు. రెండు చోట్ల ఒకేసారి గాట్లు పడితే మధ్యనున్న పాత మచ్చలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అన్నిటికన్నా చిక్కు, సంబంధంలేని రెండు వంశాల్లో ఒకే మచ్చ విడివిడిగా పుట్టడం. నుదుటి మీద ఒకేచోట సుడి ఉన్నంత మాత్రాన రెండు దూడలు ఒక తల్లివి కావు. కనుక ప్రచురితమైన వంశవృక్షం ఫొటో లాంటిది కాదని, పరిశోధకులు ఎంచుకున్న లెక్క ప్రకారం అన్నిటికన్నా బాగా కుదిరిన ఊహ అని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆ ముక్క వ్యాసం చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, వృక్షం మాత్రం ముఖచిత్రం మీద ఉంటుంది.

ఇంతవరకు చెప్పినవాటిలో జి6పిడి ఒక్కటి తప్పిస్తే ఏదీ మా అత్తకు వర్తించదు. ఏ డాక్టరూ మనిషి గడ్డలోని కణాలకు ముందుగా బార్‌కోడ్ వేయడు, వేయకూడదు కూడా. మనిషి విషయంలో మనకు మిగిలింది సంత పద్ధతే, అంటే కణం తనంతట తాను పోగుచేసుకున్న మార్పులను చదవడం. ఇది తక్కువరకం దారని కొందరు సహోద్యోగులు అనుకుంటారు. నేను ఒప్పుకోను. మనిషి రక్త మూలకణం ఏటా సుమారు పదిహేను నుంచి ఇరవై అక్షరదోషాలను పోగుచేసుకుంటుంది. అవి ఒక ప్రణాళిక లేకుండా మూడు వందల కోట్ల అక్షరాల్లో ఎక్కడో ఒకచోట పడతాయి కాబట్టి, ఒకే చోట ఒకే దోషం రెండు కణాల్లో ఉంటే అవి ఒక తల్లివేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. దోషాలు గడియారంలా పడతాయి కాబట్టి కొమ్మ ఎప్పుడు చీలిందో కూడా లెక్కగట్టవచ్చు. ఈ లెక్కలతోనే, నడివయసులోనో వృద్ధాప్యంలోనో బయటపడే కొన్ని రక్తపు జబ్బుల్లో జాక్2 అనే జన్యువులోని మొదటి మార్పు కొందరిలో తల్లి కడుపులో ఉండగానే జరిగిందని ఇటీవల తేలింది. అరవై ఏళ్ళకు కనిపించే ఒక రకం కిడ్నీ క్యాన్సర్‌లో మూడో క్రోమోజోము ముక్క ఊడిపోవడం చాలామందిలో బాల్యంలోనో కౌమారంలోనో జరుగుతుందని 2018లో లెక్క వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పిక్3సిఏ వంటి జన్యువుల్లో ఒకే చోట జరిగే మార్పు వేలాది మంది రోగుల్లో కనిపిస్తుంది, ఎందుకంటే అది గడ్డ పెరగడానికి పనికొస్తుంది. రెండు గడ్డల్లోనూ అది ఉందని చుట్టరికం కట్టడం, రెండు గిత్తలూ తెల్లగా ఉన్నాయి కనుక అన్నదమ్ములనడం లాంటిదే. చుట్టరికాన్ని రుజువు చేసేవి గడ్డకు ఏ లాభమూ చేయని, ఎక్కడో మూల పడి ఉన్న పనికిరాని దోషాలు. ఆసుపత్రుల్లో చేయించే చిన్న జన్యు ప్యానెళ్ళు పనికొచ్చే మార్పులనే వెతుకుతాయి కనుక, వంశం తేల్చడానికి అవి తరచు చాలవు.

సంత పద్ధతికి కావలసింది పాత నమూనా. నా వాదనంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. లుకేమియా తల్లి కడుపులోనే మొదలవుతుందా అన్న ప్రశ్నకు 1990లలో లండన్‌లోని మెల్ గ్రీవ్స్ బృందం జవాబు చెప్పగలిగింది ఎలాగంటే, మొదట ఏకరూప కవలల్లో ఇద్దరి లుకేమియాలోనూ క్రోమోజోము అక్షరం తేడా లేకుండా ఒకేచోట విరిగి అతుక్కుందని చూపించారు. ఆపైన 1997లో, జబ్బుపడిన పిల్లలు పుట్టిన వారంలో మడమకు సూది గుచ్చి అట్టముక్క మీద అద్దిన ఎండు రక్తపు చుక్కలను వెలికితీసి, అప్పటికే ఆ అతుకు వాటిలో ఉందని నిరూపించారు. ఆ అట్టలను దాచింది వేరే పరీక్షల కోసం. ఎవరో ఒక గుమాస్తా వాటిని పారేయకపోవడం వల్ల ఆ సంగతి మనకు తెలిసింది. 2012లో ఒకే కిడ్నీ గడ్డను అనేక చోట్ల కోసి చదివిన పరిశోధనలో మూడింట రెండు వంతుల మార్పులు అన్ని ముక్కల్లోనూ లేవని తేలినప్పుడు కూడా అసలు పాఠం అదే. కోసి దాచిన ముక్కలో ఉన్నదే మనం చదవగలం.

ఇప్పుడు మా అత్త సంగతి. 2011 నాటి ఆపరేషన్ జరిగిన ఆసుపత్రికి ఆమె పాత రిపోర్టు పట్టుకుని వెళ్ళాను. గడ్డ ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, తేమ తీసి, కరిగిన మైనంలో పోతపోసి దాచే చిన్న బిళ్ళను బ్లాక్ అంటారు. ఆ బ్లాక్ దొరికితే కొత్త గడ్డ బ్లాక్‌తో పక్కపక్కన పెట్టి చదవవచ్చు. ఫార్మలిన్ డీఎన్ఏను ముక్కలు చేస్తుంది, సి అనే అక్షరం టి గా కనబడేట్టు కొన్నిచోట్ల దొంగ దోషాలు పుట్టిస్తుంది. అయినా రెండు గడ్డలకు చుట్టరికం ఉందా లేదా అన్నంతవరకు, పదకొండేళ్ళ బ్లాకైనా చాలా సందర్భాల్లో సరిపోతుంది. ల్యాబులో రిజిస్టరు తీశారు. మా అత్త పేరు, నంబరు, తారీకు ఉన్నాయి. బీరువాలో ఆ ఏడాది అర మాత్రం ఖాళీ. "బిల్డింగు మారినప్పుడు పాతవి కొన్ని పోయాయండీ" అని అక్కడి కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు. ఎవరు పారేశారో, ఎప్పుడు పారేశారో అతనికీ తెలియదు. అతని మీద నాకు కోపం లేదు. మాకు మిగిలింది రిపోర్టులో ఒక వాక్యం: ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్. హార్మోన్లను అందుకునే ఈఆర్, పీఆర్ ప్రోటీన్లు గడ్డలో ఉన్నాయని, పెరుగుదలను పురికొల్పే హెర్2 ప్రోటీన్ ఎక్కువగా లేదని దానర్థం. కొత్త గడ్డా అంతే. రొమ్ము క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనబడే రకం అదే కనుక, ఈ పోలికతో ఏమీ తేలదు. గడ్డ అక్కడే పుట్టిందనడానికి సూచనగా, నాళాలు దాటని తొలిదశ క్యాన్సర్ పక్కనే కనబడుతుందేమోనని పాథాలజిస్టు వెతికారు. సూదితో తీసిన సన్నటి ముక్కలో అది లేదు. ఆ ముక్కలో లేకపోయినంత మాత్రాన గడ్డలో లేదని కాదు.

డాక్టరు గారు దాన్ని కొత్తదిగా భావించి వైద్యం చేశారు. వేరేచోట ఎక్కడా జబ్బు కనబడలేదు కాబట్టి అది సబబైన నిర్ణయమే, నేను తప్పుపట్టను. "ఏదైనా చేసేది ఇదే కదా, వంశం తెలిసి ఏం లాభం?" అని నా స్నేహితుడొకడు, ఆయనా క్యాన్సర్ డాక్టరే, నాతో వాదించాడు. ఈ వాదనలో సగం నిజముంది. కానీ మిగతా సగం చిన్నది కాదు. కొత్తదైతే తొలిదశలో దొరికిన గడ్డ, నయం చేయాలన్న లక్ష్యంతో వైద్యం సాగుతుంది. పాతదాని సంతానమైతే అది అప్పటికే రక్తంలో ప్రయాణం చేసిందని, ఐదేళ్ళ మాత్రలను తట్టుకుని బతికిందని అర్థం. అప్పుడు అదే మాత్ర మళ్ళీ మొదలుపెట్టే ముందు ఎవరైనా ఆలోచిస్తారు. పొగాకు పండే కనిగిరి, పొదిలి వైపు నుంచి నోటి క్యాన్సర్‌తో వచ్చి, కోయించుకున్న కొన్నేళ్ళకు పక్కనే మరో పుండుతో తిరిగొచ్చేవారికి కూడా ఇదే ప్రశ్న వస్తుంది. ఇలాంటివారిలో నోటి పొర అంతా ఒక పొలంలా పాడై ఉంటుందని 1953లోనే గమనించారు కనుక, ఆ పుండు మిగిలిపోయిన వేరు నుంచి మొలిచిందా, పాడైన నేలలో కొత్తగా మొలిచిందా అన్నది ఎంతవరకు కోయాలన్న నిర్ణయానికి సంబంధించినది.

మా రంగంలో కణాల వంశాన్ని నమోదుచేసే కొత్త రికార్డర్ ఒకటి ప్రకటించినప్పుడల్లా లభించే ఉత్సాహమూ డబ్బూ చూస్తే, జిల్లా స్థాయి పాథాలజీ ల్యాబులో ఇనుప బీరువాకు, ఫ్యానుకు, ఒక రిజిస్టరు గుమాస్తాకు డబ్బు దొరకకపోవడం నాకు విడ్డూరంగా ఉంటుంది. పారఫిన్ మైనం యాభై ఆరు డిగ్రీల పైన కరుగుతుంది. మే నెలలో రేకుల కప్పు కింద గదిలో దానికి ఎంత దూరంలో ఉంటామో ఒంగోలు వారికి చెప్పనక్కరలేదు. బ్లాక్ దాచడం గొప్ప పరిశోధన అనిపించుకోదు, దాని మీద ఎవరూ వ్యాసం రాయరు. అయినా మన మనుషుల క్యాన్సర్ వంశవృక్షాలకు వేరు అక్కడే ఉంది. రోగుల కుటుంబాలు కూడా తెలుసుకోవలసింది ఒకటుంది. రెండో అభిప్రాయం కోసం బ్లాకులూ స్లైడులూ కావాలని అడిగితే, సంతకం తీసుకుని ఇవ్వడం మామూలే. చాలామంది రిపోర్టు కాగితం తెచ్చుకుని, అసలు వస్తువును వదిలేసి వస్తారు. 2011లో మేమూ అదే చేశాం.

2022 ఆపరేషన్ అయ్యాక మూడు బ్లాకులు అడిగి తెచ్చాను. అగ్గిపెట్టెకన్నా చిన్నవి. తెల్లటి ప్లాస్టిక్ జాలీ మీద పాలరంగు మైనం, దాని నడుమ గోరంత గోధుమరంగు మరక. అంచున నంబరు మామూలు పెన్సిల్‌తో రాసి ఉంది, ఎందుకంటే ల్యాబులో వాడే ద్రావకాలకు సిరా నిలవదు. మా అత్త వాటిని కడిగి ఆరబెట్టిన హార్లిక్స్ సీసాలో వేసి, మూత బిగించి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక పెట్టింది. ఆ రాత్రి తాత చిట్టా పుస్తకం అడిగి తీయించుకుంది. చివరి ఆవు పేజీ తరువాత ఖాళీగా ఉన్న పేజీలో, నేను చెబుతుంటే ఆవిడే రాసింది: కుడివైపు, తారీకు, మూడు బ్లాకులు, వాటి నంబర్లు. పైన ఎడమవైపు అని రాసి, తారీకు వేసి, నంబరు ఉండాల్సిన చోట గీత గీసింది.